సూపర్ లగ్జరీకి ఏసీ ఉండదు

విజయవాడ పండిట్ నెహ్రూ బస్‌స్టేషన్‌లో హైదరాబాద్ బస్సులు ఆగే చోట పది నిమిషాలు నిలబడితే చాలు, 'లగ్జరీ' అన్న మాట తెలుగునాట ఎలా బతికిందో తెలిసిపోతుంది. నుదుట 'సూపర్ లగ్జరీ' అని రాసుకున్న బస్సుకు ఏసీ ఉండదు. అటు రెండు, ఇటు రెండు, వెనక్కి వాలే సీట్లు. అంతే. మే నెల మధ్యాహ్నం సూర్యాపేట దాటేసరికి, కిటికీలోంచి కొట్టే వడగాలికి అందులో 'సూపర్' ఏమిటో, 'లగ్జరీ' ఏమిటో ఎవరికీ గుర్తుండదు.

అయినా ఆ పేరు అబద్ధం కాదు. పెట్టిన రోజుల్లో నిజమే. ఒకవైపు ముగ్గురు, ఒకవైపు ఇద్దరు కూర్చునే ఎక్స్‌ప్రెస్‌లో నడిమి సీటు దొరికి, రెండు భుజాల మధ్య రాత్రంతా నిద్రపోయినవాడికి వెనక్కి వాలే సీటు స్వర్గమే. చిక్కు తరవాత వచ్చింది. డీలక్స్ పాతబడితే అల్ట్రా డీలక్స్ అన్నారు. అదీ సరిపోక సూపర్ లగ్జరీ అన్నారు. ఆపైన ఏసీ బస్సులు దిగేసరికి ఇంగ్లిషు విశేషణాలు అడుగంటాయి, దేవలోకం తలుపు తట్టక తప్పలేదు: ఇంద్ర, గరుడ, అమరావతి. దేవేంద్రుడు, ఆయన ఊరు, విష్ణుమూర్తి వాహనం, అన్నీ ఆర్టీసీ డిపోలోనే ఉన్నాయి. కింది మెట్టు మీద కూడా ఇదే జరిగింది. 'అల్ట్రా పల్లెవెలుగు' అనే సర్వీసు ఉంది. పల్లెల్లో ఆగుతూ వెళ్లే బస్సుకు అల్ట్రా ఎందుకని అడిగితే జవాబు దొరకడం కష్టం. విజయవాడలో మెట్రో రైలు లేదు గాని మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సు ఉంది.

నోట్లు ఎక్కువ ముద్రిస్తే రూపాయి విలువ పడిపోతుందని అందరూ ఒప్పుకుంటారు. మాటలకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. ప్రతి దుకాణం, ప్రతి బస్సు, ప్రతి అపార్ట్‌మెంటు 'లగ్జరీ' అంటూ పోతే ఆ మాట చిల్లరైపోతుంది. అప్పుడు దానికి ముందు ఇంకో మాట తగిలించాలి. ప్రకటనల రంగం చేసే పనిలో సగం ఇదే, అరిగిన మాటకు కొత్త లాడం కొట్టడం.

మరి అరగని లగ్జరీ ఎక్కడుంది? దీనికి ఖచ్చితమైన నిర్వచనం ఏ కంపెనీ నుంచీ రాలేదు, రాష్ట్ర ప్రభుత్వం నుంచి వచ్చింది. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకంలో మహిళలకు పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. అల్ట్రా డీలక్స్, సూపర్ లగ్జరీ, ఆపై మెట్లు ఆ జాబితాలో లేవు. అంటే ఉచితం ఎక్కడ ఆగుతుందో లగ్జరీ అక్కడ మొదలవుతుంది. అందులో ఏసీ ఉందా లేదా అన్నది తరవాతి సంగతి.

థోర్‌స్టీన్ వెబ్లెన్ అనే ఆర్థికవేత్త 1899లోనే దీన్ని గమనించాడు. కొన్ని వస్తువులు పనికొస్తాయని కొనరు, పదిమందికీ కనిపిస్తాయని కొంటారు, ధర పెరిగితే వాటి మీద మోజు తగ్గదు సరికదా పెరుగుతుంది. మన పెద్దలు 'ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి' అని తిట్టారు. ఆ ఉలిపికట్టెనే ఇప్పుడు 'ఎక్స్‌క్లూజివ్' అంటున్నారు. లగ్జరీ అనేది వస్తువులో ఉండదు, దాని చుట్టూ వేసిన కంచెలో ఉంటుంది. కంచె లోపల ఎంతమంది ఉన్నారన్నది లెక్కలోకి రాదు, బయట ఎంతమంది నిలబడి చూస్తున్నారన్నదే లెక్క. ప్రకటన పని మరీ విచిత్రం. కంచె బయట ఉన్నవాళ్లందరికీ లోపల ఉన్నట్టు అనిపించాలి, అయినా కంచె కూలకూడదు.

బెంజి సర్కిల్ దాటి బందరు రోడ్డు మీద కానూరు, పోరంకి, పెనమలూరు వైపు వెళ్తే ఈ పని రోడ్డుకు రెండువైపులా హోర్డింగుల మీద కనిపిస్తుంది. నది అవతల తాడేపల్లి నుంచి మంగళగిరి మీదుగా నంబూరు, పెదకాకాని దాకా అదే వరస. చెరుకు తోట తీసేసిన చోట 'గ్రీన్స్', వరి చేను పూడ్చిన చోట 'మెడోస్', కనుచూపు మేరలో మిట్ట కూడా లేని చోట 'హిల్స్'. ఇంటి పేరు ఎంత ఇంగ్లండుదైనా కింద '100% వాస్తు' అన్న మాట తప్పదు. ఇంగ్లండు వాళ్లకు ఈ సౌకర్యం లేదు.

ఈ ప్రకటనల్లో అన్నిటికన్నా గమనించదగ్గది దూరాన్ని కొలిచే తీరు. కిలోమీటర్లు ఉండవు, నిమిషాలే. 'సచివాలయానికి 15 నిమిషాలు', 'ఎయిర్‌పోర్టుకు 20 నిమిషాలు'. ఆ నిమిషాలు ఏ గంటలోవో రాయరు. తెల్లవారుజామున మూడింటికి కనకదుర్గ వారధి మీద ఎవరైనా అంత వేగంగానే పోతారు. సాయంత్రం ఆరింటికి అదే వారధి మీద ఉన్నవాడికి ఆ హోర్డింగును తీరుబడిగా పూర్తిగా చదివే అవకాశం మాత్రం దొరుకుతుంది. బహుశా దాన్ని అక్కడ నిలబెట్టింది అందుకే.

విస్తీర్ణానిదీ అదే కథ. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం 'రెరా' వచ్చాక గోడల మధ్య నిజంగా వాడుకునే కార్పెట్ ఏరియా చెప్పి తీరాలి, ప్రకటనలో రెరా నంబరు ఉండాలి. ఉంటుంది. హోర్డింగు అడుగున, కాలవ గట్టు వైపు, ఆవకాయలో ఆవగింజ సైజులో. పెద్ద అక్షరాల్లో కనిపించే చదరపు అడుగుల్లో మెట్లు, లిఫ్టు, కారిడార్ వాటా కలిసే ఉంటాయి. కొనేవాళ్లలో అనుభవం ఉన్నవాళ్లు క్లబ్‌హౌస్ గురించి అడగరు, యూడీఎస్ ఎంత అని అడుగుతారు. అంటే భూమిలో తమ పేరున పడే వాటా. 2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో ఒకసారి, 2025 మే 2న మరోసారి రాజధాని పనులకు ప్రధాని చేతుల మీదుగా కొబ్బరికాయ కొట్టిన ప్రాంతం ఇది. ఆ మధ్య పదేళ్లలో హోర్డింగులు దిగాయి, మళ్లీ ఎక్కాయి. యూడీఎస్ అడిగినవాళ్లు మాత్రం కాస్త నిబ్బరంగా ఉన్నారు.

మద్యం సంగతి వేరు. దానికి ప్రకటన వెయ్యకూడదు కాబట్టి పేరే ప్రకటన. కొన్నేళ్ల కిందట రాష్ట్రంలో దుకాణాల్లో 'ప్రెసిడెంట్ మెడల్', 'స్పెషల్ స్టేటస్' అనే సీసాలు కనిపించాయి. ఢిల్లీ ఇవ్వని ప్రత్యేక హోదా క్వార్టర్ సీసాలో దొరికిందని జనం నవ్వుకున్నారు. 2024 అక్టోబరులో కొత్త విధానంతో 99 రూపాయల క్వార్టర్ వచ్చాక పేరు చదవాల్సిన అవసరం కూడా పోయింది. బాటా రేటే బ్రాండు.

ఇంత మాటల గారడీ మధ్య బంగారం ఒక్కటే చాలాకాలం నిలకడగా ఉంది. బందరు రోడ్డు నగల షాపుల ప్రకటనల్లో హీరోయిన్ ఒంటి మీద రెండు కిలోలు పెట్టవచ్చు గాని, ఆ రోజు గ్రాము ధర అన్ని షాపుల్లోనూ దాదాపు ఒకటే. పక్కవాడి బంగారం కన్నా మా బంగారం మంచిదని ఎవడూ అనలేడు. 2021 జూన్ నుంచి హాల్‌మార్కు తప్పనిసరి. 2023 ఏప్రిల్ 1 నుంచి ప్రతి నగకూ దాన్ని విడిగా గుర్తుపట్టే ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ కోడ్ ఉండాలి. ఇక పోటీ పడడానికి మిగిలింది తరుగు, మజూరీ. అందుకే ప్రకటనలన్నీ 'తరుగు లేదు', 'మజూరీలో సగం తగ్గింపు' అంటాయి. ఇక్కడి ఇల్లాళ్లు బంగారాన్ని లగ్జరీ కింద ఎప్పుడూ లెక్కవెయ్యలేదు. పిల్ల ఫీజుకు, మిర్చి పంటకు ఎరువులకు, ఆస్పత్రి బిల్లుకు తాకట్టు పెట్టగలిగింది విలాసం ఎలా అవుతుంది? కొనబోతే కొరివి, అమ్మబోతే అడివి అన్న సామెత హ్యాండ్‌బ్యాగుకు, సోఫాకు, కారుకు వర్తించినంతగా కాసుల పేరుకు వర్తించదు. అక్కడ పోయేది ప్రధానంగా తరుగు, మజూరీ.

2025 ఏప్రిల్‌లో పది గ్రాముల మేలిమి లక్ష రూపాయలు దాటింది. అప్పుడు బంగారానికీ మాటల జబ్బు అంటుకుంది. అదే ఏడాది జులైలో 9 క్యారెట్ల నగలకు కూడా హాల్‌మార్కు ఇవ్వవచ్చన్నారు. 22 క్యారెట్లంటే 916, అంటే నూటికి 91.6 పాళ్లు బంగారం. 9 క్యారెట్లంటే 375, నూటికి 37.5 పాళ్లు. సగానికి పైగా వేరే లోహం ఉన్నా దాన్నీ బంగారమనే అనవచ్చు. మోసం కాదు, ముద్ర మీద స్పష్టంగా ఉంటుంది. కాకపోతే 'బంగారం' అన్న మాట అల్ట్రా పల్లెవెలుగు ఎక్కింది.

ఏది విలాసం, ఏది అవసరం అని తేల్చే పని కేంద్రానికీ తప్పలేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీలో ప్రధానంగా 5, 18 శాతాలు మిగిల్చి, విలాస, హానికర వస్తువులకు 40 శాతం పెట్టారు. పెద్ద కార్లు ఆ 40లో ఉన్నాయి. కూల్‌డ్రింకూ అందులోనే ఉంది. అంటే బెంజి సర్కిల్‌లో సిగ్నల్ దగ్గర ఆగిన బెంజి కారు, పక్క కిళ్లీకొట్టులో చల్లగా చెమటలు పట్టిన సీసా, పన్ను దృష్టిలో ఒకే పంక్తిలో భోజనానికి కూర్చున్నాయి. ఆ బెంజి బ్యాటరీతో నడిచేదైతే ధర కోటి ఉన్నా పన్ను 5 శాతమే. గాంధీనగర్‌లో హోటల్లో ఇడ్లీ తిన్నవాడిదీ 5 శాతం. బంగారానికి 3. ఇడ్లీ కన్నా బంగారం మీద పన్ను తక్కువ అన్న సంగతి ఇడ్లీ తినేటప్పుడు గుర్తుచేసుకోకపోవడం మంచిది, చట్నీ రుచించదు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఇదివరకు పెద్ద ఎస్‌యూవీల మీద 28 శాతం పన్ను, దానిపై సెస్సు కలిపి 50 శాతం దాకా పడేది. విలాసాలకు ప్రత్యేకంగా 40 పెట్టాక అవి చవకయ్యాయి. పండక్కి షోరూముల ముందు బంతిపూల తోరణాలు కట్టి, పేపర్లకు మొదటి రెండు పేజీలు నిండా ప్రకటనలిచ్చి, 'జీఎస్టీ పండగ' అన్నారు. పన్ను తగ్గిందన్న వార్త చదవాలంటే పన్ను తగ్గిందన్న ప్రకటనలు తిప్పుకుంటూ మూడో పేజీకి వెళ్లాల్సి వచ్చింది. రెడీమేడ్ బట్టలకు గీత 2,500 రూపాయల దగ్గర గీశారు. దాని లోపలైతే 5, దాటితే 18. 2,499 రూపాయల చొక్కాలు ఇక ఎందుకు ఎక్కువ కనిపిస్తాయో దుకాణాల వాళ్లకు విడమర్చి చెప్పనక్కర్లేదు.

ఉచిత బస్సుకు మళ్లీ వస్తే, దానివల్ల మొదట దెబ్బ తగిలింది ఆటోలకు. ఆడవాళ్లు ఆటో మానేసి బస్సెక్కారు. దానికి ఉపశమనంగా 2025 అక్టోబరు 4న విజయవాడలోనే 'ఆటో డ్రైవర్ల సేవలో' పథకం మొదలైంది, డ్రైవరుకు ఏడాదికి 15,000 రూపాయలు. సరిగ్గా ఆ ఏడాదే ఫ్రాన్సులో లూయీ వ్యూటన్ సంస్థ భారతదేశం స్ఫూర్తితో చేశామంటూ ఆటోరిక్షా ఆకారంలో ఒక హ్యాండ్‌బ్యాగు తెచ్చింది. మూడు చక్రాలు, హ్యాండిల్ అన్నీ ఉన్నాయి. ధర సుమారు 35 లక్షలని వార్తలొచ్చాయి. అజిత్‌సింగ్ నగర్ ఆటో డ్రైవరు సాయం సొమ్ములో పైసా ముట్టకుండా దాచుకుంటూ పోతే 234 ఏళ్లకు ఆ బ్యాగు కొనవచ్చు. అందులో నలుగురు పట్టరు. విజయవాడ లెక్కలో నలుగురు పట్టనిది ఆటోయే కాదు, ఇక్కడ షేర్ ఆటోలో డ్రైవరుకు అటూ ఇటూ ఇద్దరు కూర్చున్నాకే బండి కదులుతుంది.

నవ్వుకోవడానికి బాగానే ఉంది గాని, ఆ బ్యాగు తర్కం వెర్రిది కాదు. అది పొరపాటున కూడా పనికిరాకూడదు. ఆటోను రోజూ ఎక్కేవాడు ఆటో బొమ్మ మోస్తే అది బొమ్మే. ఆటో ఎక్కాల్సిన అవసరం జన్మలో రానివాడు మోస్తే అది లగ్జరీ. 2022లో బాలెన్సియాగా అనే మరో సంస్థ చెత్త సంచిలా కనిపించే తోలు సంచిని 1,790 డాలర్లకు అమ్మింది. అదీ ఇదే సూత్రం. పేదరికాన్ని వేషంగా వేసుకోగలగడం ఒక స్తోమత.

బీసెంట్ రోడ్డులో తోపుడుబండ్ల మీద దొరికే ఎల్‌వీ అక్షరాల సంచీలది మరో కథ. ఆ అక్షరాలు, పూలు కలిసిన మోనోగ్రామ్ గుడ్డను 1896లో లూయీ వ్యూటన్ కొడుకు జార్జ్ తయారు చేయించాడు. ఎందుకు? తమ పెట్టెలకు నకిలీలు ఎక్కువయ్యాయని, వాటిని ఆపడానికి. నూటముప్పై ఏళ్లకు ఆ ముద్రే ప్రపంచంలో అందరికన్నా సులువుగా నకిలీ చేయగలిగిన ముద్ర అయింది. గుర్తుపట్టడానికి తేలికైనది దొంగిలించడానికీ తేలికే. బండివాడు దాన్ని 'ఫస్ట్ కాపీ' అంటాడు. కాపీల్లో మళ్లీ మొదటి రకం, రెండో రకం. సూపర్ లగ్జరీ తర్కం అక్కడికీ చేరింది.

బీసెంట్ రోడ్డుకూ ప్యారిస్‌కూ నిజమైన తేడా ఆషాఢంలో తెలుస్తుంది. పెళ్లిళ్లు ఉండని ఆ నెలలో విజయవాడ బట్టల షాపులు ఒకటి కొంటే రెండు, కిలోల లెక్కన చీరలు అంటూ సరుకు వదిలించుకుంటాయి. మిగిలిన సరుకు అంటే ఇక్కడ తలనొప్పి. అక్కడ అది ప్రమాదం. చవగ్గా బయటికి పోతే కంచె కూలుతుంది. అందుకే లండన్ సంస్థ బర్బెర్రీ 2.86 కోట్ల పౌండ్ల సరుకును ఒక్క ఏడాదిలో తగలబెట్టింది. 2018లో ఆ సంగతి బయటపడి జనం ముక్కున వేలేసుకున్నాక ఆ పని మానేస్తామంది. ఆషాఢం సేల్ పెట్టమని సలహా ఇచ్చేవాళ్లు అక్కడ ఎవరూ లేకపోయారు.

ఇదంతా అక్కడినుంచి ఇక్కడికి వచ్చిన జాడ్యమని అనుకుంటే బందరు రోడ్డు ఒప్పుకోదు. మహాత్మాగాంధీ రోడ్డు అని రికార్డుల్లో ఎంత రాసినా ఊరు దాన్ని బందరు రోడ్డే అంటుంది, ఎందుకంటే అది మచిలీపట్నం పోయే దారి. ఇంగ్లిషు ఈస్టిండియా కంపెనీ 1611లో దిగింది అక్కడే. వచ్చింది అద్దకం బట్టల కోసం. కృష్ణా డెల్టా ఇసుక నేలల్లో పెరిగే చిరివేరు అనే మొక్క వేళ్లతో వేసిన ఎరుపు ఎన్ని ఉతుకులకూ దిగేది కాదు. నూలు గుడ్డకు రంగు పట్టించే ఆ విద్య అప్పటి ఐరోపాకు తెలియదు. ఆ బట్టల మోజు ఎంత పెరిగిందంటే, తమ నేతగాళ్లు గగ్గోలు పెడితే ఫ్రాన్సు 1686లో వాటిని నిషేధించింది. 1759 దాకా ఎత్తలేదు. ఇంగ్లండు కూడా 1700లో ఒకసారి, 1721లో మరింత గట్టిగా చట్టాలు చేసింది. నిషేధించినకొద్దీ మోజు పెరిగింది, దొంగరవాణా పెరిగింది. ఆ రోజుల్లో ప్యారిస్ దొరసానులకు కంచె అవతల ఉన్న సరుకు మన పెడన చుట్టుపక్కల అద్దకమే.

ఇప్పుడు 'కలంకారీ' అన్న మాట బీసెంట్ రోడ్డులో పాలియెస్టర్ మీద మరముద్ర వేసిన నైటీకి కూడా వాడతారు. పెడనలో చెక్క అచ్చులతో ఇంకా అద్దుతూనే ఉన్నారు గాని, మాట వాళ్ల చేతి నుంచి జారిపోయింది. మంగళగిరిలో గుంట మగ్గం మీద నిజాం అంచు నేసేవాళ్లకూ ఇదే బాధ. అంచు నకలు మరమగ్గం మీద గంటలో దిగుతుంది. భౌగోళిక గుర్తింపు ఉంది, అది పేరును కాపాడుతుంది. పేరు చదివి కొనేవాళ్లు ఎందరన్నదే ప్రశ్న.

2025 జూన్‌లో ఇటలీ సంస్థ ప్రాడా మిలాన్ ప్రదర్శనలో అచ్చం కొల్హాపురీ లాంటి చెప్పులు వేయించి 'తోలు చెప్పులు' అని ఊరుకుంది. 2019లోనే కొల్హాపురీకి భౌగోళిక గుర్తింపు వచ్చి ఉంది. గొడవయ్యాక మూలం ఎక్కడిదో ఒప్పుకుంది. అదే ఏడాది డిసెంబరులో మహారాష్ట్ర, కర్ణాటక సంస్థలతో ఒప్పందం చేసుకుని 2,000 జతలు, జత సుమారు 800 యూరోలకు అమ్ముతామంది. కొల్హాపూర్‌లో వందల్లో దొరికే జతకు అదనంగా కలిసింది తోలు కాదు. ఆ కలిసినదాన్ని తయారు చేసే కార్ఖానా ఇక్కడ ఎవరూ పెట్టలేదు. గుంటూరు మిర్చికి కూడా పెట్టలేదు. యార్డులో టిక్కీల (బస్తాల) లెక్కన పోయే మిర్చి ఎవరెవరి పేర్లతోనో ప్యాకెట్లలోకి ఎక్కుతుంది. 'గుంటూరు' అన్న మాట మాత్రం ఏ కాయనైనా ఘాటుగా అమ్మడానికి వాడుకుంటారు.

సాయంత్రం అయిదు దాటాక పల్లెవెలుగు బస్సులు నిండిపోతాయి. జీరో టికెట్ కోసం నిలబడ్డ ఆడవాళ్లలో కనీసం ఒకరి భుజానికి బీసెంట్ రోడ్డు ఎల్‌వీ సంచి ఉంటుంది, అందులో టిఫిన్ డబ్బా, పావుకిలో పచ్చిమిర్చి. సంచి అసలుదా కాదా అని కండక్టర్ అడగడు. ఆధార్ కార్డు అడుగుతాడు.